గుర్తు మానకముందే
(ఉత్తరాంధ్ర చరిత్ర ధారావాహిక: 1855 నాటి హింసల విచారణ)

క్రిందటి భాగమున 1802వ సంవత్సరపు శాశ్వత శిస్తు ఏర్పాటువలన విజయనగరము, బొబ్బిలి మున్నగు జమీందారీలలో వసూలుపెత్తనము ఎవరి చేతికి పోయెనో చూచితిమి. ఆ వసూలు బకాయిపడినప్పుడు రైతు దేహముపై ఎట్లు జరిగెడిదో, జరిగినదానిని వ్రాసియుంచుటకై ప్రభుత్వము మొదటిసారి ఎప్పుడు కలము పట్టెనో, ఆ కలమునకును మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతములకును నడుమ ఎన్ని అడ్డంకులుండెనో ఈ భాగమున చెప్పవలసియున్నది. విషయము సుఖముగా చదువదగినది కాదు. అయినను శిస్తు లెక్కలు వ్రాసి, ఆ శిస్తు రాబట్టిన తీరు వ్రాయక విడిచిన చరిత్ర సగము చరిత్రయే యగును.

ఈ కథను కదలించినవాడు దొర కాడు, తెలుగు వర్తకుడు. చెన్నపట్టణమున 1806లో జన్మించిన గాజుల లక్ష్మీనరసుశెట్టిగారు వ్యాపారమున ధనమార్జించి, ఆ ధనమును 1844లో ‘క్రెసెంట్’ అను పత్రిక స్థాపించుటకును, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ అను సభ నెలకొల్పుటకును వెచ్చించిరి. ఈస్టిండియా కంపెనీ సనదు మరల పార్లమెంటు ముందునకు వచ్చు సమయము కనిపెట్టి, రైతుల బాధలను ఏకరువు పెట్టి లండనునకు మహజరులంపినది ఈ సభయే. ఆ మహజరులలో అన్నిటికంటె ఎక్కువ కలవరము కలిగించిన మాట యేదనగా, సర్కారు శిస్తు రాబట్టుటకు సర్కారు నౌకరులే రైతులను చిత్రహింసల పాలు చేయుచున్నారన్నది. మహజరును చదివి నమ్మనివారే యెక్కువ. కావున 1853లో పార్లమెంటు సభ్యుడగు డాన్బీ సేమూరు మద్రాసు రాజధానికి వచ్చినప్పుడు లక్ష్మీనరసుశెట్టిగారు ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలలో త్రిప్పి, బాధపడినవారిని ఎదుట నిలిపిరి. విన్న మాట నమ్మనివాడు చూచిన దేహమును నమ్మక తప్పదని శెట్టిగారు ఎరిగియుండిరని మనము తలంపవచ్చును.

1854 జూలైలో కామన్స్ సభలో ఈ ప్రసంగము వచ్చెను. కంపెనీ పక్షమువారు అట్టిదేమియు లేదనిరి. ఉన్నను మిక్కిలి తక్కువ యనిరి. ఆ యేటనే మద్రాసు గవర్నరు లార్డు హారిస్ ప్రభుత్వము ముగ్గురు సభ్యులతో విచారణసంఘము నొకదానిని నియమించినది. చెన్నపట్టణపు ముఖ్య మేజిస్ట్రేటు ఎలియట్, గుంటూరు కలెక్టరుగా చాలకాలము పనిచేసి తెలుగు రైతుల స్థితిగతులెరిగిన స్టోక్స్, బారిస్టరు జాన్ బ్రూస్ నార్టన్ అను మువ్వురును అందు సభ్యులు. వీరిలో నార్టన్ సర్కారును విమర్శించి గ్రంథములు వ్రాసినవాడు. అట్టివానిని లోనికి పిలిచి కూర్చుండబెట్టుటకు సర్కారు సాహసించుట ఆ కాలమునకే గాక ఏ కాలమునకైనను మెచ్చదగినదే.

మొదట సంఘమున కప్పగించిన పని శిస్తు వసూలులో జరుగు హింసను గూర్చి మాత్రమే. తరువాత నేరములు ఒప్పించుటకై పోలీసు పనిలో జరుగు హింసయు దానికి చేర్చబడినది. సంఘము పనిచేసిన విధమే దాని కీర్తికి మూలము. ఫిర్యాదు ఎవరిపైనో ఆ తహసీల్దారు కచేరీ ద్వారా గాక నేరుగా తమకే చెప్పుకొనవచ్చునని ప్రజలకు ప్రకటించిరి. చదువనేర్చినవారు జాబు వ్రాయవచ్చును, లేనివారు నడచి రావచ్చును. కలెక్టర్లను, న్యాయాధిపతులను, మిషనరీలను, ఉద్యోగములేని ఇతర ఐరోపీయులను సైతము మీరేమి చూచితిరని అడిగిరి. స్వయముగా వచ్చి చెప్పుకొన్నవారు 519 మంది, వ్రాసి పంపినవారు 1,440 మంది, వెరసి 1,959 ఫిర్యాదులు. రైలులేని, తపాలా చాలని ఆ దినములలో ఇన్ని కంఠములు స్వల్పకాలములో ఒక గదిని చేరుట సామాన్యము కాదు.

1855 ఏప్రిలులో నివేదిక సమర్పింపబడెను. అందు హింసల పట్టిక యొకటి కలదు. మండుటెండలో నిలువబెట్టుట, అన్నమునకు గాని కాలకృత్యమునకు గాని పోనీయక అడ్డుట, పశువులను మేతకు విడువక దొడ్డిలో బంధించుట, బకాయిదారు నింట బంట్రోతును కూర్చుండబెట్టి వాని దినభత్యమును ఆ బకాయిదారుచేతనే ఇప్పించుట, చేతివ్రేళ్ళు పెనవేసి పిండుట, తొడలు గిల్లుట, చెవులు మెలిపెట్టుట, మోకాళ్ళ వెనుక ఇటుకముక్కలుంచి గొంతుకూర్చుండబెట్టుట, ఇరువురు బకాయిదారుల జుట్లు ముడివేయుట, జుట్టును గాడిద తోకకో దున్న తోకకో కట్టుట, మెడలో ఎముకల దండ వేయుట. వీనికి మించినవి రెండు. తమిళమున కిట్టి అనియు తెలుగున చీరట అనియు చెప్పబడు కొయ్యసాధన మొకటి: రెండు పలకల నడుమ చేతులనో, తొడలనో, చెవులనో, స్త్రీల స్తనములనో యుంచి ప్రాణము విలవిలలాడువరకు నొక్కెడివారు. రెండవది గింగిరి: మనుజుని వంచి, వాని గుడ్డనే గాని కొబ్బరిపీచు త్రాటిని గాని మెడమీదుగా, కాలివ్రేళ్ళ క్రిందుగా పోనిచ్చి కట్టి, ఆ వంపులోనే గంటలకొలది విడుచుట; వీపున బరువు రాయి నుంచుటయు కలదు.

ఈ పట్టికను ఒక్క క్షణ మాగి మరల చదువుడు. ఎండ, ఆకలి, అవమానము, వంపు, గిల్లు: వీనిలో పదింట తొమ్మిది దేహముపై నిలిచెడి గుర్తు నుంచవు. నిలిచినను వారము దినములలో మాయమగును. ఇది యాదృచ్ఛికముగా తోచదు. శిస్తు చెల్లించిన మరునాడు రైతు మరల పొలమునకు పోవలెను. కలెక్టరుదొర క్యాంపు ఆ దారిని వచ్చినచో చూపించుటకు వానియొద్ద ఏదియు నుండరాదు. ఇట్టి హింసకు తగిన నేర్పు తరతరములుగా అభ్యాసమునుండియే వచ్చియుండును. కట్టిన త్రాడు బాధితుని గుడ్డయే యగుటలో కూడ ఈ నేర్పే కానవచ్చుచున్నది. సాధనము దొరకదు, సాక్ష్యమును దొరకదు.

ఈ సంఘమువారు మిక్కిలి ఆశ్చర్యపడినది హింస యున్నందుకు కాదు, చెప్పుకొనుటకు దారి లేనందుకు. 1816 నాటి రెగ్యులేషన్ల ననుసరించి తహసీల్దారే శిస్తు వసూలుదారు, అతడే పోలీసు అధికారి, కలెక్టరే మేజిస్ట్రేటు. రైతు కోసులకొలది నడచి క్యాంపు చేరి అర్జీ ఇచ్చుకొన్నచో, ఆ అర్జీ విచారణ నిమిత్తము మరల ఆ తహసీల్దారునొద్దకే దిగివచ్చెడిది. అర్జీ దిగివచ్చునాటికి దెబ్బ మానెడిది, సాక్షులు భయపడెడివారు, రైతు ఆశ వదలుకొనెడివాడు. ఇంత స్పష్టముగా రోగము నెరిగిన ఆ సంఘమే, దోషమంతయు స్వదేశీయులగు చిన్న ఉద్యోగులదనియు ఐరోపీయ అధికారుల దోషము లేదనియు తీర్పు చెప్పుట చూడ విచారము కలుగును. శిస్తు హెచ్చుగా కట్టిన చేయి ఎవరిది? అర్జీని తహసీల్దారునకు పంపిన సంతకమెవరిది? ఈ ప్రశ్న కారల్ మార్క్స్‌నకు తోచినది; ఆయన 1857 సెప్టెంబరులో ‘న్యూయార్క్ డెయిలీ ట్రిబ్యూన్’ పత్రికయందు ఈ నివేదికను ముందిడుకొని, సిపాయిల క్రౌర్యమును గూర్చి గగ్గోలు పెట్టుచున్న ఇంగ్లీషువారికి తమ పాలన యెట్టిదో చూపించెను.

ఇప్పుడు మన ప్రాంతమునకు వత్తము. ఆనాడు శ్రీకాకుళము గంజాము జిల్లాలోనిది. విజయనగరము, బొబ్బిలి, పాలకొండ విశాఖపట్టణము జిల్లాలోనివి. సంఘము కూర్చున్న చెన్నపట్టణము శ్రీకాకుళమునకు దాదాపు 900 కిలోమీటర్ల దూరము. తీరపు రైలుమార్గము మన వైపునకు రావలసినది మరి నలువది యేండ్ల తరువాత. కళింగపట్టణమునుండియో భీమునిపట్టణమునుండియో ఓడ యెక్కు స్తోమత బకాయిపడిన రైతునకుండదు. తంజావూరునుండియో దక్షిణ ఆర్కాడునుండియో నడచి పోగలిగినవానికిని, పాలకొండ తాలూకా రైతునకును ప్రకటన ఒక్కటే. దారి మాత్ర మొక్కటి కాదు.

దూరము ఒక్కటే అడ్డు కాదు. సంఘమునకు మొదట అప్పగించినది సర్కారు శిస్తును సర్కారు నౌకరులు రాబట్టు విధము. రైత్వారీ జిల్లాలకు అది సరిపోయినది. మన వైపు సర్కారునకు పేష్కషు చెల్లించువాడు జమీందారు. రైతు నొద్ద వసూలు చేయువారు జమీందారు కొలువులోని అమీనులు, బంట్రోతులు, వారి వెనుక గ్రామమున కరణము, బారికి. 1802 నాటి 28వ రెగ్యులేషను జమీందారునకు పంటను, పశువులను జప్తుచేయు అధికార మొసగినది. ఆ జప్తు పేరిట రైతు నెత్తిపై ఎండ కాచినను, అది ‘సర్కారు నౌకరుల హింస’ అను మాటకు వెలుపల నిలిచిపోవును. పాలకొండ సంగతి మరియు విచిత్రము: 1830ల అలజడుల పిదప జమీ సర్కారు వశమై, 1846నుండి ఆర్బత్‌నాట్ కంపెనీ అను చెన్నపట్టణపు వర్తకసంస్థకు గుత్తకీయబడినది. అచ్చటి రైతునకు వసూలుదారు సర్కారును కాదు, జమీందారును కాదు, కొఠీదారు.

మూడవ అడ్డు చట్టమే. 1839 నాటి 24వ చట్టముచే గంజాము విశాఖపట్టణముల మన్యభాగములును, వానితోపాటు మైదానమునందలి జమీందారీలనేకములును, మామూలు కోర్టుల అధికారమునుండి తొలగింపబడి గవర్నరు ఏజెంటు చేతిలో నుంచబడెను, ఏజెంటనగా కలెక్టరే. పర్లాకిమిడి, పాలకొండ అలజడులను విచారించిన రస్సెల్ సలహాపై వచ్చిన ఏర్పాటిది. ఒకే మనుజుడు వసూలుపై పెత్తందారు, మేజిస్ట్రేటు, న్యాయాధిపతి యగుచోట ఫిర్యాదు ఎవరిపై, ఎవరికి? 1860ల ఆరంభమున మైదానభాగములు చాలవరకు మరల సాధారణచట్టము క్రిందికి వచ్చినవి గాని, కొండలు మాత్రము ‘ఏజెన్సీ’ యను పేరుతోనే మిగిలినవి. ఆ పేరు నేటికిని మన నోళ్ళలో నున్నది.

నివేదిక ఫలితములను క్లుప్తముగా చెప్పెదను. 1859లో మద్రాసు పోలీసు చట్టము వచ్చి, పోలీసును రెవెన్యూనుండి విడదీసి వేరు శాఖగా నిలిపినది. 1860 నాటి శిక్షాస్మృతి 330వ సెక్షను, నేరము ఒప్పించుటకో సొత్తు రాబట్టుటకో గాయపరచుటను శిక్షార్హము చేసెను. ఆ సెక్షనుకు జతపరచిన ఉదాహరణములలో శిస్తు బకాయికై హింసించు రెవెన్యూ అధికారియు, కౌలుకై రైతును హింసించు జమీందారును ప్రక్కప్రక్కన నున్నారు. 1861 క్రిమినలు ప్రొసీజరు కోడును, పిదప 1872 సాక్ష్య చట్టపు 25, 26 సెక్షనులును పోలీసు ఎదుట చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యము కాదనెను; వెంటనే 27వ సెక్షను, ఆ మాటవలన వస్తువేదైన దొరికినచో అంతవరకు చెల్లుననెను. ద్వారము మూసి కిటికీ తెరచినట్లైనది. 2024 జూలై 1న అమలునకు వచ్చిన నూతన సాక్ష్య చట్టమున ఈ మూడును 23వ సెక్షనులో నొదిగినవి. కిటికీ యట్లే యున్నది.

ఆ 1860ల చట్టముల పిదప శతాబ్దము గడచినది. 1967 అక్టోబరు 31న లేవిడి గ్రామమున కోరన్న, మంగన్నలను గిరిజనులు కాల్చి చంపబడిన పిదప శ్రీకాకుళపు కొండలలో చెలరేగిన గిరిజనోద్యమమును గూర్చి వేరొక భాగమున విస్తరించి వ్రాసెదను; ఇచ్చట నాకు కావలసినది దాని లిఖితమాత్రము. ఆ యుద్యమమువారిలో 1969 మే 27న పంచాది కృష్ణమూర్తి, మరి ఆరుగురు; ఆ యేడు డిసెంబరులో సుబ్బారావు పాణిగ్రాహి, పంచాది నిర్మల; 1970 జూలై 10న వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము మరణించిరి. ఎదురుకాల్పులలో మరణించిరని పోలీసుల కథనము. పట్టుకొని, బాధించి, కాల్చిరని వారి పక్షమువారి కథనము. ఏబది యేండ్లు దాటినను ఈ రెండు కథనములు ఒకదాని నొకటి తాకకయే యున్నవి. వీనిని తేల్చవలసినవి దేహములు. అవి ఆనాడే బూడిదయైనవి. ఎమర్జెన్సీ పిదప 1977లో జయప్రకాశ్ నారాయణ చొరవతో జస్టిస్ తార్కుండే కమిటీ మన రాష్ట్రమున ఇటువంటి మరణములను విచారింపబూనెను గాని, అది చూచినది ఎమర్జెన్సీ నాటివి. తదనంతరము సర్కారు నియమించిన జస్టిస్ భార్గవ కమిషను విచారణ బహిరంగముగా సాగవలెనా రహస్యముగా సాగవలెనా యను వివాదమున చిక్కి, పౌరహక్కులవారు వైదొలగగా, కొసముట్టకయే నిలిచిపోయెను.

ఇట్టి పరస్పరవిరుద్ధ కథనములు ప్రతిదేశమునను పేరుకొనుచుండగా పుట్టినవే నేటి అంతర్జాతీయ ప్రమాణములు. 1991లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మిన్నెసోటా ప్రొటోకాల్, అనుమానాస్పద మరణమున శవపరీక్ష ఏ క్రమమున జరుగవలెనో నిర్దేశించినది. బ్రదికియున్నవారి మాట మిగిలెను. 1993లో తుర్కీలో బాకీ ఎర్దోగాన్ అను యువకుడు పోలీసు నిర్బంధమున మరణింపగా, అధికారులు వ్రాసిన వైద్యనివేదికను అచ్చటి వైద్యులు మిన్నెసోటా ప్రమాణముతో సరిచూచి లోపములు బయటపెట్టిరి. ఆ అనుభవమునుండియే, 15 దేశములకు చెందిన 75 మందికి పైగా వైద్యులు, న్యాయవాదులు, హక్కుల కార్యకర్తలు మూడేండ్లు శ్రమించి కూర్చిన గ్రంథము 1999 ఆగస్టు 9న ఐక్యరాజ్యసమితి మానవహక్కుల హైకమిషనరు చేతికి చేరెను. దాని పేరే ఇస్తాంబుల్ ప్రొటోకాల్. 2022లో అది సవరింపబడి మరల వెలువడినది.

అది చెప్పునదేమి? పరీక్షించు వైద్యుడు ఆరోపితుల అధికారమునకు లోబడినవాడు కారాదు. పరీక్ష జరుగు గదిలో పోలీసు నిలువరాదు. బాధితుని అనుమతి లేక ముట్టరాదు. కథనమును వాని మాటలలోనే, తొందర పెట్టక, ముందుగా వినవలెను. ప్రతి గుర్తును దేహపు పటముపై గుర్తించి, కొలత వేసి, ఛాయాచిత్రము తీయవలెను. పిదప చెప్పిన కథకును కనిపించిన గుర్తునకును గల పొందికను ఐదు మెట్లలో నొకదానియందు నిలుపవలెను: పొసగనిది, పొసగునది, మిక్కిలి పొసగునది, అట్టి హింసకు స్వభావసిద్ధమైనది, మరి దేనివలనను కలుగనిది. ‘దెబ్బలున్నవి’ అనుటకును ఈ మెట్లకును ఎంత తేడా! మనస్సును పరీక్షింపవలెనని, నిద్రలేమి, భయస్వప్నము, ఉలికిపాటు మున్నగువానిని వ్రాసియుంచవలెనని కూడ అది విధించుచున్నది. అన్నిటికంటె ముఖ్యమగు సూత్ర మొకటి: గుర్తు కనిపించనంతమాత్రమున హింస జరుగలేదని వ్రాయరాదు. చీరటకు, గింగిరికి, ఎండకు, ఇటుకముక్కకు ఇంతకాలమునకు సమాధానము దొరకినది.

మన దేశమున ఈ సూత్రములు తునకలు తునకలుగా ప్రవేశించినవి. 1993లో ఏర్పడిన జాతీయ మానవహక్కుల కమిషను, నిర్బంధమున మరణము సంభవించిన 24 గంటలలో తనకు తెలుపవలెనని ఆ యేడు డిసెంబరులోనే ఆదేశించి, 1997లో మిన్నెసోటా ననుసరించి ఒక నమూనా శవపరీక్షాపత్రమును రాష్ట్రములకు పంపినది. డి.కె. బసు కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు, అరెస్టైనవాడు కోరినచో అరెస్టునాడే దేహముపై గల గుర్తులను వ్రాసి ఇరుపక్షముల సంతకములు తీసికొనవలెననియు, ప్రతి 48 గంటలకొకమారు వైద్యపరీక్ష జరుగవలెననియు శాసించెను. చిత్రహింసల నిషేధ ఒడంబడికపై భారతదేశము 1997 అక్టోబరు 14న సంతకము చేసెను. ఆమోదము మాత్రము నేటికిని ఈయలేదు. 2010లో లోకసభ ఆమోదించిన చిత్రహింసల నివారణ బిల్లు రాజ్యసభ సెలెక్టు కమిటీకి పోయి, పిదప మురిగిపోయెను. 2017లో లా కమిషను తన 273వ నివేదికలో మరల ముసాయిదా నొకదానిని ఇచ్చినను ఫలితము లేదు.

ఇక ఆచరణకు వత్తము. శ్రీకాకుళపు పెద్దాసుపత్రిలోనైనను, విజయనగరము మహారాజా ఆసుపత్రిలోనైనను, అర్ధరాత్రివేళ కానిస్టేబుళ్ళు తెచ్చిన మనుజుని చూడవలసినది క్యాజువాలిటీలోని డ్యూటీ డాక్టరు. ఒకవైపు ప్రమాదములు, పాముకాట్లు, కాన్పులు. ఇంకొకవైపు ‘త్వరగా వ్రాసి ఈయుడు, కోర్టుకు వేళ యగుచున్న’దని తొందర. ఆయన పూరించు ఊండు సర్టిఫికెట్టులో గాయపు కొలతకును, రంగునకును, ఆయుధమునకును చోటు కలదు. కథకును గాయమునకును గల పొందికకు, మనస్సునకు చోటు లేదు. ఆ డాక్టరును నిందించుట నా తలంపు కాదు. ఆయన చేతిలోని కాగితమే చిన్నది.

కొండల మాట మిగిలినది. విశాఖ మన్యములోని వాకపల్లి, నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. 2007 ఆగస్టు 20న గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్స్ అను ప్రత్యేక పోలీసు దళమువారు తమపై అత్యాచారము చేసిరని ఆ గ్రామపు కోందు తెగకు చెందిన పదునొకండుగురు స్త్రీలు ఫిర్యాదు చేసిరి. నిర్బంధమునను, సాయుధబలగముల చేతులలోను జరుగు అత్యాచారమును ఇస్తాంబుల్ ప్రొటోకాల్ చిత్రహింసగానే పరిగణించుచున్నది. కేసు హైకోర్టు, సుప్రీంకోర్టు మెట్లెక్కి దిగి, 2017లో సుప్రీంకోర్టు విచారణ సాగవలెనని ఆదేశించిన పిదప, విశాఖపట్టణపు ప్రత్యేక న్యాయస్థానము ముందు నిలిచెను. ఫిర్యాదు చేసిన స్త్రీలలో కొందరు అంతలోనే మరణించిరి. 2023 ఏప్రిల్ 6న న్యాయస్థానము విచారణను ఎదుర్కొన్న పదముగ్గురిని నిర్దోషులుగా విడుదల చేయుచు, దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చేయలేదనియు, నిందితుల గుర్తింపు పరేడైనను జరుపలేదనియు వ్రాసి, ఆ స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికారసంస్థ ద్వారా పరిహారము చెల్లింపవలెనని ఆజ్ఞాపించెను. నేరము చేసినవారెవరో తేలని తీర్పులోనే పరిహారమునకు ఆజ్ఞ గూడ నున్నది.

(1839వ సంవత్సరపు చట్టమును, ఏజెన్సీ న్యాయపద్ధతిని వచ్చే భాగమున)